లండన్‌లో పల్నాటి రాయి

నరసరావుపేటలోనో పిడుగురాళ్లలోనో ఏ వీధిలో అడిగినా బ్రిటన్‌లో చదువుకునే అమ్మాయో అబ్బాయో ఉన్న ఇల్లు ఒకటి తగులుతుంది. చదువు పూర్తయ్యాక కొంతకాలం అక్కడే ఉండి ఉద్యోగం చేసుకునే వీలును (దీన్ని గ్రాడ్యుయేట్ రూట్ అంటారు) అక్కడి ప్రభుత్వం 2021లో తెచ్చింది. వెళ్లేవాళ్లు పెరిగారు. పిల్లల్ని చూడటానికి సందర్శక వీసా మీద వెళ్లే అమ్మానాన్నలూ పెరిగారు. ఆ వీసా మీద మామూలుగా ఆరు నెలల దాకా ఉండొచ్చు. కానీ పిల్లలకు క్లాసులుంటాయి, పార్ట్‌టైం పనులుంటాయి. వాళ్లకు తీరిక దొరికిన ఒకటి రెండు రోజుల్లోనే నగరమంతా చుట్టేయాలి. బిగ్ బెన్ గడియారం, లండన్ ఐ రాట్నం, టవర్ బ్రిడ్జి దగ్గర ఫొటోలు దిగేసరికి లండన్ అయిపోతుంది.

అవన్నీ చూడదగ్గవే. అయితే పల్నాడు నుంచి వెళ్లేవాళ్లు తప్పకుండా చూడాల్సిన చోట్లు ఆ నగరంలో ఇంకో రెండున్నాయి. ఒకచోట మన నేల రాయి ఉంది. ఇంకోచోట మన నేలదేనని ఎక్కువమంది నమ్మే వజ్రం ఉంది. మొదటిది చూడటానికి పైసా ఖర్చు లేదు. రెండోదానికి టికెట్టు ఖరీదెక్కువ, క్యూ పెద్దది. ఈ వ్యాసం ఎక్కువగా మొదటిదాని గురించే. అదేమిటో, అక్కడికెలా చేరిందో, చూసేటప్పుడు ఏం గమనించాలో తెలిసి వెళ్తే ఆ గదిలో రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. తెలియకుండా వెళ్తే పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తాం.

33ఎ గది

బ్రిటిష్ మ్యూజియం లండన్ నడిమధ్య బ్లూమ్స్‌బరీ అనే పేటలో ఉంది. 1753లో చట్టం చేసి దాన్ని స్థాపించారు. 1759లో జనానికి తలుపులు తెరిచారు. అందులో 33ఎ నంబరు గది మొత్తం అమరావతి శిల్పాలదే. జపాన్‌కు చెందిన అసాహి షింబున్ పత్రిక ఆర్థిక సాయంతో 1992లో ఆ గదిని తీర్చిదిద్దారు కాబట్టి దానికి ఆ పత్రిక పేరే పెట్టారు. దాని పక్కనే ఉన్న 33వ నంబరు పెద్ద గ్యాలరీలో చైనా, దక్షిణాసియా వస్తువులుంటాయి. 2017లో ఆ గ్యాలరీని బాగుచేసి మళ్లీ తెరిచినప్పుడు అమరావతి గదిని కూడా సవరించారు.

ఇక్కడున్నది ఒక్క విగ్రహమో రెండో కాదు. మ్యూజియం దగ్గర మొత్తం 120కి పైగా రాళ్లున్నాయి. అన్నీ కృష్ణ ఒడ్డున అమరావతిలో నిలిచిన మహాచైత్యం అనే స్తూపానివి. అమరావతి మండలం 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఈ జిల్లాలోకి వచ్చింది. అంటే ఊరూ మనదే, రాయీ మనదే. శిల్పాల పక్కన రాసిన వివరాల్లో రాయి పేరు దగ్గర పల్నాడు పేరు కూడా కనిపిస్తుంది. పురావస్తు పుస్తకాల్లో దీన్ని పల్నాడు సున్నపురాయి అనీ, పల్నాడు మార్బుల్ అనీ రాస్తారు.

నిజానికి ఇది చలువరాయి కాదు. సున్నపురాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ లోనై రూపం మారితే చలువరాయి అవుతుంది. మన రాయి అలా మారలేదు. కానీ రేణువు సన్నగా ఉంటుంది, రంగు లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, నునుపు చేస్తే మెరుస్తుంది. అందుకే ఆనాటి ఇంగ్లీషు అధికారులు చలువరాయి అనే రాసుకున్నారు. సన్నని రేణువున్న మెత్తటి రాయి ఉలికి లొంగుతుంది. వేలి గోరు, చెవి పోగు, ఏనుగు తొండం మీది ముడత దాకా చెక్కడానికి వీలైంది ఆ గుణం వల్లే. నాగార్జునకొండ శిల్పులు వాడిందీ ఇలాంటి సున్నపురాయే. ఇవాళ దాచేపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల చుట్టుపక్కల క్వారీల్లో తవ్వి సిమెంటు ఫ్యాక్టరీలకూ సున్నపు బట్టీలకూ పంపుతున్నదీ ఈ ప్రాంతపు సున్నపురాయినే.

స్తూపం భాగాలు

గదిలోకి వెళ్లగానే విడివిడి పలకలు, స్తంభాలు కనిపిస్తాయి. ఏది ఎక్కడిదో తెలియకపోతే అంతా ఒకేలా అనిపిస్తుంది. కాబట్టి ముందు స్తూపం అంటే ఏమిటో చూద్దాం.

స్తూపం లోపలికి వెళ్లే గుడి కాదు. బుద్ధుడివో పెద్ద భిక్షువులవో అస్థికలను (ధాతువులు) లోపల ఉంచి, మట్టితో ఇటుకతో గట్టిగా పూడ్చి కట్టిన దిబ్బ. భక్తులు దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. అడుగున గుండ్రటి అరుగు ఉంటుంది. దాని మీద గిన్నె బోర్లించినట్టుండే గుమ్మటం (అండం) ఉంటుంది. అమరావతిలో ఆ అరుగు అడ్డుకొలత దాదాపు 50 మీటర్లు. అరుగుకీ గుమ్మటానికీ చెక్కిన రాతి పలకలు తొడిగారు. నాలుగు దిక్కుల్లో అరుగును కొంచెం ముందుకు పొడిగించి, ఒక్కో దిక్కున ఐదేసి స్తంభాలు నిలిపారు. వీటిని ఆయక స్తంభాలంటారు. ఇవి ఆంధ్ర స్తూపాల ప్రత్యేకత, సాంచిలో కనిపించవు. వీటన్నిటి చుట్టూ, నడవడానికి చోటు వదిలి, మనిషి కన్నా ఎత్తుగా రాతి ప్రాకారం (వేదిక) కట్టారు. నిలువు స్తంభాలు, వాటిని కలిపే అడ్డపట్టీలు, పైన పొడవాటి కప్పురాళ్లు. ప్రాకారమంటే ఇంతే.

ఇది ఒక్కసారిగా కట్టింది కాదు. క్రీస్తు పూర్వం మూడు, రెండు శతాబ్దాల్లో మొదలై, శాతవాహనుల కాలంలో పెరిగి, ఐదారు వందల ఏళ్ల పాటు కొత్త రాళ్లు చేరుతూ వచ్చాయి. ఖర్చు పెట్టింది రాజులు మాత్రమే అనుకోవద్దు. రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చిన్న చిన్న శాసనాలున్నాయి. ఎవరు ఏ రాయి ఇచ్చారో వాటిలో ఉంటుంది. వర్తకులు, గృహిణులు, భిక్షుణులు, సుగంధ ద్రవ్యాలు అమ్మేవాళ్లు దాతలు. ఒక తోలు పనివాడి కుటుంబం తల్లి, భార్య, పిల్లలు అందరి పేరునా పూర్ణఘటం చెక్కిన పలక సమర్పించింది. పూర్ణఘటమంటే పూలు పొంగిపొర్లే నిండు కుండ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018లో తీసుకున్న రాజముద్ర మధ్యలో ఉన్నది అదే. ఈసారి ఏ ప్రభుత్వ ఉత్తర్వు చేతికొచ్చినా పైన చూడండి.

రెండు పలకల ముందు ఆగండి

గదిలో అన్నీ చూడాలని ఆరాటపడితే ఏదీ గుర్తుండదు. నా మాట విని రెండు పలకల ముందు ఎక్కువసేపు నిలబడండి.

ఒకటి, స్తూపాన్నే బొమ్మగా చెక్కిన పలక. అమరావతి స్తూపం నిండుగా ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించడానికి ఇదే మంచి ఆధారం. ప్రాకారం, దాని గుమ్మం దగ్గర కూర్చున్న సింహాలు, వెనక వరసగా ఐదు ఆయక స్తంభాలు, బొమ్మలతో నిండిన గుమ్మటం, ఆకాశంలో ఎగిరే దేవతలు, అన్నీ ఆ ఒక్క రాతిలో ఉన్నాయి. పైన చెప్పిన భాగాలన్నిటినీ దీని మీద వేలు చూపిస్తూ పిల్లలకు చెప్పొచ్చు. దీని వెనక ఇంకో సంగతుంది. ఈ పలకకు రెండు వైపులా చెక్కడం ఉంది. రెండో వైపు పని క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దానిది. అక్కడ బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి జనం మొక్కుతుంటారు. సుమారు మూడు వందల ఏళ్ల తర్వాత వచ్చిన శిల్పులు అదే రాయిని తిప్పి, వెనక వైపున స్తూపాన్ని చెక్కారు. క్వారీ నుంచి కొత్త రాయి తెప్పించడానికి బదులు పాతదాన్నే మళ్లీ వాడుకున్నారు.

ఆసనం ఖాళీగా ఎందుకుంది? తొలినాళ్ల శిల్పులు చాలాచోట్ల బుద్ధుణ్ని మనిషి రూపంలో చూపలేదు. చెట్టు, ఆసనం, చక్రం, పాదముద్రలు, స్తూపం, వీటిలో ఏదో ఒకటి ఉంటే ఆయన అక్కడున్నట్టే. తర్వాతి కాలంలో మనిషి రూపం వచ్చింది. ఈ రెండు పద్ధతులూ అమరావతి రాళ్లలోనే కనిపిస్తాయి.

రెండో పలక బుద్ధుడి పుట్టుక కథ. దీన్ని నాలుగు గళ్లుగా విడదీశారు. ఒక గడిలో మాయాదేవి నిద్రలో ఉంది, కల వస్తోంది. ఇంకోదాంట్లో ఆ కలకు అర్థం చెబుతున్నారు. మూడో గడి పురుడు. మాయాదేవి చెట్టుకొమ్మ పట్టుకుని నిలబడింది. పక్కనే దేవతలు పొడవాటి వస్త్రం చేతుల మీద పట్టుకున్నారు. బిడ్డ ఎక్కడా కనిపించడు. దగ్గరికి వెళ్లి ఆ వస్త్రాన్ని చూడండి. దాని మీద చిన్న చిన్న పాదాల గుర్తులుంటాయి. పుట్టిన బిడ్డ అదే. చివరి గడిలో బిడ్డను శాక్యుల కులదేవత దగ్గరికి తీసుకెళ్తారు. అక్కడా వస్త్రమే, పాదాలే. కనిపించని బిడ్డను ఎత్తుకున్న ఆడవాళ్ల ఒద్దికను ఆ శిల్పి ఎంత శ్రద్ధగా చెక్కాడో చూస్తే మనసు నిండిపోతుంది. ఆ శిల్పి పేరు మనకు తెలియదు.

అక్కడికెలా చేరాయి

18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన నివాసాన్ని చింతపల్లి నుంచి అమరావతికి మార్చారు. కొత్త ఊరు కట్టడానికి రాయి, ఇటుక కావాలి. దగ్గర్లో దీపాలదిన్నె అనే పెద్ద దిబ్బ ఉంది, అదే మన స్తూపం. దాన్ని తవ్వితే చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. వాటిలో కొన్ని కట్టడాల్లోకి వెళ్లాయి. కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. సున్నపురాయిని బట్టీలో బాగా కాలిస్తే అందులోని బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. పిడుగురాళ్లలో ఇప్పటికీ జరుగుతున్నది ఆ పనే. ఉలికి లొంగే గుణంతో పాటు బట్టీకి పనికొచ్చే గుణం కూడా ఆ రాతిలోనే ఉంది. ఎన్ని బొమ్మలు అలా సున్నమై గోడలకు పూతగా మారాయో లెక్క లేదు.

ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఈ వార్త విని 1790ల చివర్లో అక్కడికి వెళ్లారు. ఆయన పని సాగింది మన తెలుగువాళ్ల సాయంతో. కావలి వెంకట బొర్రయ్య, ఆయన తర్వాత తమ్ముడు లక్ష్మయ్య మెకంజీకి కుడిభుజంగా పనిచేశారు. 1816లో మెకంజీ మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమి భాగాన్ని తవ్వి కోనేరుగా మార్చేశారు. మిగిలినవాటిని మెకంజీ చిత్రకారులతో గీయించారు. 80కి పైగా ఉన్న ఆ చిత్రాలు ఇప్పుడు లండన్‌లోనే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కొన్ని రాళ్లు ఇవాళ ఎక్కడా లేవు, బొమ్మ మాత్రమే మిగిలింది. అందుకే ఆ చిత్రాలు శిల్పాలంత విలువైనవి.

1830ల్లో కొన్ని రాళ్లను మచిలీపట్నం తరలించి, అక్కడి కూడలిలో అలంకారంగా నిలిపారు. 1845లో గుంటూరు ప్రాంతంలో అధికారిగా ఉన్న వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించి, దొరికినవాటిని మద్రాసు పంపారు. అక్కడ అవి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకూ వానకూ పడి ఉన్నాయి. 1859లో ఓడ ఎక్కించి లండన్ పంపారు. ఆ సరికి కంపెనీ పాలనే ముగిసింది, దిక్కూ దరీ చూసేవాళ్లు లేరు. కొంతకాలం థేమ్స్ ఒడ్డున ఒక గిడ్డంగిలో, తర్వాత ఫైఫ్ హౌస్ అనే భవనంలో ఉంచారు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే వాస్తు చరిత్రకారుడు అక్కడి బండ్లశాలలో వీటిని చూసి, విలువ గుర్తించి, మరుసటి ఏడాది ఫొటోలతో పుస్తకం అచ్చు వేశారు. వీటిని ఉంచుకున్న ఇండియా మ్యూజియం మూతపడ్డాక 1880లో ఇవి బ్రిటిష్ మ్యూజియానికి దఖలు పడ్డాయి.

శిల్పాల నంబర్లను గమనిస్తే ఈ చివరి మజిలీ మీకే తెలుస్తుంది. చాలా రాళ్లకు నంబరు 1880,0709 అని మొదలవుతుంది. ముందున్నది సంవత్సరం, తర్వాత నెల, రోజు. 1880 జులై 9న దస్తరంలో ఎక్కించారన్నమాట.

అప్పటికి అమరావతిలో ఇంకా చాలా మిగిలి ఉంది. 1877లో రాబర్ట్ సూవెల్ తవ్వారు. 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో దిబ్బ మొత్తం తవ్వి తీసేశారు. 1881లో జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి అక్కడ స్తూపం లేదు, పెద్ద గొయ్యి ఉంది. అప్పుడు బయటపడ్డ రాళ్లు మద్రాసు చేరాయి. అన్నిటికన్నా ఎక్కువ అమరావతి శిల్పాలున్నది ఇవాళ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనే. ఈ సంగతి చాలామందికి తెలియదు.

అద్దం ఎందుకు

33ఎ గదికి అద్దపు గోడ ఉంది. లోపల వేడినీ తేమనూ అదుపులో ఉంచుతారు. ఒక్కోసారి లోపలికి వెళ్లనివ్వక అద్దంలోంచే చూడమంటారు. ఎందుకీ కట్టుదిట్టం?

19వ శతాబ్దపు లండన్ బొగ్గు మీద బతికింది. బొగ్గు పొగలో గంధకం ఉంటుంది. అది గాలిలో తేమతో కలిస్తే ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లం సున్నపురాయిని తాకితే పైపొర జిప్సంగా మారుతుంది. జిప్సం రాయి కన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది, నీటికి కొద్దికొద్దిగా కరుగుతుంది. దాంతో పైపొర ఉబ్బి పొలుసులుగా రాలుతుంది. చెక్కడమంతా ఉండేది ఆ పైపొరలోనే. మద్రాసు వాన, లండన్ పొగ రెండూ తగిలిన రాళ్లివి. తర్వాత చాలా ఏళ్లు మ్యూజియం మెట్లదారి పక్కన ప్రదర్శనకు పెట్టారు. ఆ పైన కిందికి దించి నేలమాళిగలో దాచారు. ఎక్కువ భాగం 1992 దాకా జనం కంటపడలేదు. కొన్ని ముఖాలు అరిగినట్టు కనిపిస్తే కారణం ఇదని గుర్తుపెట్టుకోండి.

తిరిగి వస్తాయా

ఈ ప్రశ్న ఆ గదిలో నిలబడ్డ ప్రతి తెలుగువాడికీ వస్తుంది. రావాలి కూడా. జవాబు చట్టంలో ఉంది. 1963 బ్రిటిష్ మ్యూజియం చట్టం ప్రకారం, నకళ్లుండటం లాంటి కొద్ది సందర్భాల్లో తప్ప, ట్రస్టీలు వస్తువులను శాశ్వతంగా వదులుకోలేరు. ప్రదర్శన కోసం అరువుగా పంపే వీలు మాత్రం ఉంది. గ్రీసు దేశం పార్థెనాన్ శిల్పాల కోసం దశాబ్దాలుగా అడుగుతున్నా ఆగుతున్నది ఈ చట్టం దగ్గరే. ఆ చట్టాన్ని మార్చగలిగింది బ్రిటన్ పార్లమెంటు ఒక్కటే.

మరి కొన్ని విగ్రహాలు విదేశాల నుంచి వస్తున్నాయి కదా అంటారు. ఉదాహరణకు ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్థలం నుంచి పోయిన ఒక సున్నపురాతి శిల్పాన్ని ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2016లో మనకు తిరిగిచ్చింది. తేడా ఎక్కడుందంటే, అది స్వాతంత్ర్యం వచ్చాక దొంగతనంగా పోయింది. దొంగసొత్తు అని రుజువైతే కొన్నవాళ్లు ఇవ్వక తప్పదు. అమరావతి రాళ్లను తరలించింది ఆనాడు పాలిస్తున్న ప్రభుత్వమే. వాళ్ల చట్టం ప్రకారం అది దొంగతనం కాదు. అలాగని న్యాయం అనిపించుకోదు. తమ ఊరి స్తూపాన్ని తీసుకెళ్తామని అమరావతి జనాన్ని ఎవరూ అడగలేదు. రెండు మాటలూ నిజమే, రెండూ తెలిసి మాట్లాడితే మన వాదనకు బలం ఉంటుంది.

కొల్లూరు వజ్రం

ఇక రెండో చోటు టవర్ ఆఫ్ లండన్. 11వ శతాబ్దంలో మొదలైన ఈ కోటలో రాచకుటుంబం నగలుంటాయి. 1937లో చేసిన ఒక కిరీటంలో ముందువైపు కోహినూర్ పొదిగి ఉంది. పెద్దలకు టికెట్టు 30 పౌండ్లు దాటుతుంది. నగల గదిలో ఫొటోలు తీయనివ్వరు. కిరీటాల ముందు కదిలే దారి మీద నిలబెడతారు, అది మనల్ని ముందుకు తీసుకుపోతుంది. కాబట్టి దేన్ని చూడాలో ముందే తెలిసుండాలి. రాజదండంలో అన్నిటికన్నా పెద్దగా మెరిసేది కులినన్ వజ్రం. అది 1905లో దక్షిణాఫ్రికాలో దొరికింది. కోహినూర్ దానికన్నా చాలా చిన్నది, ఇప్పుడు 105.6 క్యారెట్లు. 1849లో పదేళ్ల దులీప్ సింగ్‌తో లాహోరు ఒప్పందం చేయించుకుని తీసుకున్నప్పుడు 186 క్యారెట్లుండేది. 1852లో మళ్లీ సానబట్టించి తగ్గించారు.

కోహినూర్ మన పల్నాడులోని కొల్లూరు గనిదని రాతపూర్వక రుజువు లేదు. కానీ ఎక్కువమంది చరిత్రకారులు కృష్ణ ఒడ్డు గనుల వైపే వేలు చూపుతారు. కొల్లూరు మాత్రం కల్పన కాదు. 17వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే గనిలో 60 వేల మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు నీళ్లు పడేదాకా తవ్వేవాళ్లు. ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోసేవాళ్లు. ఆ మట్టిని కడిగి, ఆరబెట్టి, చేటలతో తూర్పారబట్టి రాళ్లు ఏరేవాళ్లు. ఆ ఊరు బెల్లంకొండ మండలంలో ఉండేది. పులిచింతల ప్రాజెక్టు కట్టాక నీటిలో మునిగింది. ఖర్చుకు వెనకాడేవాళ్లు టవర్‌ను వదిలేసినా నష్టం లేదు. 33ఎ గదిని మాత్రం వదలొద్దు.

ప్రయాణం సంగతి

హీత్రో విమానాశ్రయం నుంచి ఎలిజబెత్ లైన్ రైలు నేరుగా టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ స్టేషనుకు వస్తుంది. పికడిలీ లైన్ హోబర్న్, రస్సెల్ స్క్వేర్ మీదుగా వెళ్తుంది. ఈ మూడు స్టేషన్లలో ఎక్కడ దిగినా మ్యూజియానికి నడిచే వెళ్లొచ్చు. ఎర్ర బస్సుల్లో డబ్బులు తీసుకోరు. ఆయిస్టర్ కార్డు గానీ, విదేశాల్లో పనిచేసేలా బ్యాంకులో అనుమతి తీసుకున్న ట్యాప్ కార్డు గానీ ఉండాలి. ఒక్కో మనిషికి ఒక్కో కార్డు కావాలి. భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డు మీద వెళ్తామంటే కుదరదు.

మ్యూజియం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా. శుక్రవారం రాత్రి 8:30 దాకా. డిసెంబరు 24, 25, 26 తేదీల్లో మూసేస్తారు. ప్రవేశం ఉచితమే అయినా ఆన్‌లైన్‌లో ముందుగా టికెట్టు తీసుకుంటే గుమ్మం దగ్గర నిలబడే పని తగ్గుతుంది. పెద్ద సూట్‌కేసులు లోపలికి రానివ్వరు. లోపలికి వెళ్లగానే సమాచారం బల్ల దగ్గర 33ఎ ఇవాళ తెరిచి ఉందా అని అడగండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లయితే ముందు ఈ గదే చూడండి, ఈజిప్టు మమ్మీల దగ్గర మొదలుపెడితే ఇక్కడికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది.

మధ్యాహ్నం దగ్గర్లోని రస్సెల్ స్క్వేర్ పార్కులో కూర్చుని తెచ్చుకున్నది తినొచ్చు. అక్కడి నుంచి ఉత్తరంగా నడిస్తే టావిస్టాక్ స్క్వేర్‌లో 1968లో పెట్టిన గాంధీ విగ్రహం ఉంది. ఇంకా ముందుకెళ్తే యూస్టన్ రోడ్డు మీద బ్రిటిష్ లైబ్రరీ. 1600 నుంచి 1947 దాకా కంపెనీ, ఇండియా ఆఫీసు నడిపిన పాలన కాగితాలు అక్కడున్నాయి. వాటి అరలు పేర్చితే 14 కిలోమీటర్లు. ప్రదర్శనశాల అందరికీ ఉచితం. కాగితాలు తీయించి చదవాలంటే గుర్తింపు పత్రాలు చూపి రీడర్ పాసు తీసుకోవాలి. మీ పిల్లలు చరిత్రో రాజనీతో చదువుతుంటే వాళ్లకు ఈ పాసు ఇప్పించడం మంచి పని.

ఇంకో పూట మిగిలితే కింగ్ హెన్రీస్ రోడ్డులో 10వ నంబరు ఇంటికి వెళ్లండి. 1921, 22ల్లో అంబేడ్కర్ చదువుకుంటూ ఉన్న ఇల్లది. 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకంగా మార్చింది. తెలుగుకు సేవ చేసిన సి.పి. బ్రౌన్ 1884లో లండన్‌లోనే కన్నుమూశారు, సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉంది. భోజనం మాటకొస్తే ఈస్ట్ హామ్‌లో మన దక్షిణాది హోటళ్లు చాలా ఉన్నాయి, అన్నం కోసం బెంగ అక్కర్లేదు.

ముందు అమరావతి

ఇదంతా చెప్పాక ఒక విన్నపం. లండన్ వెళ్లే ముందు ఒక ఆదివారం అమరావతి వెళ్లి రండి. పురావస్తు శాఖ కాపాడుతున్న స్తూపం అడుగు భాగం అక్కడుంది, పక్కనే మ్యూజియం ఉంది. ఆ గుండ్రటి అరుగు చుట్టూ ఒకసారి నడవండి. స్తూపం ఎంత పెద్దదో కాళ్లకు తెలుస్తుంది. లండన్ గదిలో ఆ కొలత తెలియదు, అక్కడ కంటికి తెలిసేది చెక్కడం మాత్రమే. మాచర్ల వైపు వాళ్లయితే విజయపురి సౌత్ నుంచి లాంచీలో నాగార్జునకొండ వెళ్లండి. ప్రాజెక్టు నీళ్లలో మునగకుండా తవ్వి తీసిన శిల్పాలను ఆ కొండ మీది మ్యూజియంలో దగ్గర నుంచి చూడొచ్చు. చెన్నై పని పడితే ఎగ్మూరుకు ఒక పూట కేటాయించండి. మూడు చోట్లా చూసిన మనిషికి 33ఎ గదిలో ఏ రాయి ఎక్కడ నిలిచేదో ఎవరూ చెప్పనక్కర్లేదు.

పిల్లలు ఇప్పటికే అక్కడ ఉంటే ఇవాళ రాత్రి ఫోన్లో చెప్పండి. శుక్రవారం క్లాసు అయ్యాక వెళ్లినా చూసి రావచ్చు.